బోరు డబ్బులతో బుడాపెస్ట్‌కి!

మా పొదిలి వైపు బోరు వేయించడమంటే లాటరీ టికెట్ కొన్నట్టే. కొబ్బరికాయను అరచేతిలో పెట్టుకుని నీటి జాడ చూసే ఆయన పొలమంతా తిరిగి ఒకచోట ఆగుతాడు. కాయ లేచి నిలబడుతుంది. దాంతోపాటే మన ఆశా నిలబడుతుంది. రాత్రికి రిగ్గు లారీ వస్తుంది. ఆరొందల అడుగులు, ఏడొందల అడుగులు... తెల్లారేసరికి చెట్ల మీదా మన తలల మీదా తెల్లటి దుమ్ము తప్ప చెమ్మ కనిపించదు. మాకున్న నాలుగెకరాల్లో పదిహేనేళ్లలో మూడు బోర్లు వేశాం. మూడూ అంతే. నాలుగోదాని కోసం 2025 వేసవిలో రెండు లక్షల ఎనభై వేలు బ్యాంకులో పక్కన పెట్టాం.

ఆ డబ్బుతో యూరప్ వెళ్లొచ్చాం!

ఈ మాట వింటే మీకే కాదు, మా బంధువులందరికీ ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న మా పెద్దాడైతే ఫోన్లో గట్టిగానే అన్నాడు. ‘తాతయ్య పొలం ఎండిపోతుంటే మీకు విమానాలేంటి నాన్నా?’ అని. వాడన్నదాంట్లో తప్పేం లేదు. నా దగ్గర జవాబూ లేదు. జవాబు చెప్పింది మా ఆవిడే. ‘మూడుసార్లు డబ్బులు దుమ్ములో పోశాం కదరా. నాలుగోసారీ దుమ్ములోనే పోయాలని రూలుందా?’ అంది. అటువైపు నుంచి మాట లేదు.

నేను ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పాను. గోడకు వేలాడదీసిన యూరప్ పటం మీద బెత్తంతో డాన్యూబ్ నది చూపించాను. ఫ్రెంచి విప్లవం చెప్పాను. రెండు ప్రపంచ యుద్ధాలూ పూర్తి చేశాను, ప్రతి ఏడూ ఫిబ్రవరిలోపే! కానీ ఏనాడూ మద్రాసు దాటి దక్షిణానికీ, కాశీ దాటి ఉత్తరానికీ వెళ్లింది లేదు. ఓసారి తొమ్మిదో తరగతి పిల్లాడు, ‘సార్, మీరు చూశారా ఆ నదిని?’ అనడిగాడు. ‘పటంలో చూశాను’ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నాకు గుర్తుండిపోయింది.

మా ఆవిడ కల వేరు. ఆమెది గుంటూరు పక్కన మిరప పండించే ఊరు. సినిమాల్లో హీరో హీరోయిన్లు మంచుకొండల మీద పాడుకోవడం చూసినప్పటి నుంచీ స్విట్జర్లాండ్ అంటే ఇష్టం. 2019లో నేను రిటైరైనప్పుడు ఓ టూర్ల సంస్థను అడిగితే మనిషికి లక్షా డెబ్భై వేలన్నారు. అమ్మాయి కాన్పు అయ్యాక వెళ్దామనుకున్నాం. ఈలోగా కరోనా వచ్చింది. 2025లో మళ్లీ అడిగితే అదే టూరు మూడు లక్షల పదివేలయింది. ఇద్దరికి ఆరు లక్షల ఇరవై వేలు! ‘ఆ కొండలేవో సినిమాల్లోనే బాగున్నాయిలెండి’ అని ఆమె టీవీ కట్టేసింది.

ధర అంత ఎందుకు పెరిగిందో సోషల్ మాస్టారిగా నాకు తెలియాలి కదా. లెక్క తీశాను. 2002 జనవరిలో యూరో నోట్లు మొదటిసారి జనం చేతికి వచ్చినప్పుడు ఒక్కోటి సుమారు 43 రూపాయలు. మేం వెళ్లిన 2025 అక్టోబరుకు 103. అంటే అక్కడ ఏ ధరా ఒక్క పైసా పెరగకపోయినా మనకు మాత్రం రెండింతలు దాటినట్టే. ఇక్కడో తమాషా ఉంది. మా నాన్న పొగాకు రైతు. పొదిలి వేలం కేంద్రానికి బేళ్లు తోలినప్పుడల్లా ‘మన ఆకు ఏ దేశం పోతుందిరా?’ అనడిగేవాడు. ‘బెల్జియం ఎక్కువగా కొంటుందట నాన్నా’ అనేవాణ్ని. రూపాయి పడిపోతే ఎగుమతిదారుకు లాభం, రైతుకూ నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని పుస్తకాల్లో ఉంటుంది. నేనూ అలాగే చెప్పాను. తీరా 2025లో రూపాయీ పడిపోయింది, పొగాకు ధరా పడిపోయింది. రూపాయి బలహీనమైతే వచ్చే నష్టం మన గుమ్మం దాకా తప్పకుండా వస్తుంది. లాభం మాత్రం ఎక్కడో దారిలోనే దిగిపోతుంది.

యూరప్ అంటే యూరో ఒక్కటే కాదు

మమ్మల్ని దారిలో పెట్టింది మా చెల్లెలి కొడుకు. పోలండ్‌లోని క్రాకోవ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం ఫోన్ చేసినప్పుడు మా స్విట్జర్లాండ్ కథ విని నవ్వాడు. ‘మావయ్యా, మీరు యూరప్ అంటే యూరో అనుకుంటున్నారు. యూరో వాడని దేశాలూ ఉన్నాయి. వీసా మాత్రం అందరికీ ఒకటే’ అన్నాడు.

నిజమే. షెంగెన్ వీసా ఒకటుంటే 29 దేశాల్లో తిరగొచ్చు. వాటిలో పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్, రొమేనియా తమ సొంత డబ్బునే వాడుతున్నాయి. రొమేనియా, బల్గేరియాలు 2025 జనవరి 1 నుంచి పూర్తిగా ఈ వీసా పరిధిలోకి వచ్చాయి. బల్గేరియా 2026 జనవరి 1న యూరోకి మారింది. క్రొయేషియా 2023లోనే మారిపోయింది.

హంగరీ డబ్బు పేరు ఫోరింట్. మన రూపాయికి దాదాపు నాలుగు ఫోరింట్లు వస్తాయని వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ‘అయితే హంగరీలో మనమే ధనవంతులం!’ అన్నాను. మేనల్లుడు ఆ గాలి వెంటనే తీసేశాడు. ‘అక్కడ కాఫీ వందల్లో, భోజనం వేలల్లో ఉంటుంది మావయ్యా. నోటు మీద సున్నాలు చూడకండి. ఏ ఊరికి వెళ్లాలన్నా మూడే ధరలు చూడండి. ఒక పూట భోజనం, ఒక బస్సు టికెట్, ఒక రాత్రి గది. ఈ మూడూ రూపాయల్లోకి మార్చి పక్కపక్కన రాయండి’ అన్నాడు.

పాత నోటుపుస్తకం తీసి రాశాను. స్విట్జర్లాండ్‌లో మామూలు హోటల్లో భోజనం రెండున్నర వేల పైమాటే. క్రాకోవ్‌లో ఏడొందలు. సిటీ బస్సు అక్కడ ఐదొందల దాకా, ఇక్కడ నూటయాభై లోపు. గది అక్కడ పన్నెండు వేల నుంచి మొదలు, ఇక్కడ నాలుగు వేలు. ఒక్క పేజీలో మా సమస్య తేలిపోయింది. మన రూపాయిని మనం బలపరచలేం. కానీ దాన్ని ఏ ఊళ్లో ఖర్చుపెట్టాలో ఎంచుకోవచ్చు.

అసలు డబ్బు పేరు మీద ఉన్న అంకెకు అర్థం లేదని ఈ రెండు దేశాల చరిత్రే చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత హంగరీలో ధరలు ఎంత పిచ్చిగా పెరిగాయంటే, 1946 జులైలో దాదాపు పదిహేను గంటలకోసారి రెట్టింపయ్యేవి. ఒకటి పక్కన ఇరవై సున్నాలుండే నోటు కూడా అచ్చేశారు. ఆ పాత డబ్బును పారేసి 1946 ఆగస్టు 1న తెచ్చిందే ఈ ఫోరింట్. పోలండ్‌వాళ్లు 1995లో పదివేల పాత జ్లోటీలను ఒక్క కొత్త జ్లోటీగా మార్చుకున్నారు. ఇదంతా చదివాక, 1966లో డాలరు నాలుగు రూపాయల డెబ్భై ఆరు పైసల నుంచి ఏడున్నరకు పెరిగిందని మా నాన్న ముప్పై ఏళ్లపాటు పడ్డ బాధ కాస్త చిన్నదిగా కనిపించింది.

ఇక వీసా. ఫీజు మనిషికి 90 యూరోలు. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగిరాదు. కనీసం 30 వేల యూరోలకు వైద్య బీమా ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పెన్షన్ కాగితాలు, గదుల బుకింగులు, ఏ రోజు ఎక్కడ ఉంటామో రాసిన పట్టిక... అన్నీ పట్టుకుని హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు వేసొచ్చాం. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. మాది పోలండ్. మూడు వారాలు మా ఆవిడ రోజూ ఆంజనేయస్వామి గుడికి వెళ్లింది. వీసా వచ్చింది. స్వామికి వడమాల కూడా మా ట్రిప్పు లెక్కలోనే రాసుకున్నాను.

టికెట్ల విషయంలో మేనల్లుడు ఇంకో కిటుకు చెప్పాడు. వెళ్లేది వార్సాకి, తిరిగి వచ్చేది బుడాపెస్ట్ నుంచి. మళ్లీ మొదటి ఊరికి వెనక్కి వెళ్లే ఖర్చు తప్పుతుంది. అక్టోబరులో రద్దీ తక్కువ, ధరలూ తక్కువే. చలి మాత్రం మా ఆవిడ తెచ్చుకున్న మూడు స్వెట్టర్లకీ సరిపోయింది.

‘బార్‌లోకి నేను రాను!’

వార్సా పాత ఊరు చూసి ‘ఎన్ని వందల ఏళ్లదో’ అంది మా ఆవిడ. నిజానికి అది మా ఇద్దరికంటే పెద్దగా ముసలిదేం కాదు. 1944లో నాజీలు ఊరిని నేలమట్టం చేశారు. యుద్ధం తర్వాత జనం పాత బొమ్మలూ పటాలూ ముందు పెట్టుకుని ఇటుక ఇటుకా పేర్చి మళ్లీ అలాగే కట్టుకున్నారు. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ ఊళ్లోనే ‘మంచి మహారాజు’ పేరుతో ఓ చిన్న పార్కుంది. ఆ మహారాజు మనవాడే. గుజరాత్‌లోని నవానగర్ పాలకుడు దిగ్విజయ్ సింహ్‌జీ. యుద్ధకాలంలో దిక్కులేని వందలాది పోలండ్ పిల్లలకు 1942లో బాలాచడిలో నీడనిచ్చాడు. ఆ పేరు చదువుతుంటే ఛాతీ కాస్త ఉబ్బింది. ఈ రెండింటికీ మాకు పైసా ఖర్చు కాలేదు.

అక్కడ మ్యూజియాలు చాలావరకు వారంలో ఒక రోజు ఉచితం. మా పట్టిక ఆ రోజుల్ని బట్టే వేసుకున్నాం. వార్సా నుంచి క్రాకోవ్‌కి రైల్లో రెండున్నర గంటలు. అరవై దాటినవాళ్లకు టికెట్‌లో ముప్పై శాతం తగ్గింపు ఇచ్చారు, పాస్‌పోర్టు చూసి. 2020 మార్చిలో మన రైళ్లలో ఆపేసిన పెద్దవాళ్ల రాయితీ నాకు పోలండ్‌లో దొరికిందన్నమాట!

క్రాకోవ్‌లో మొదటి మధ్యాహ్నం మేనల్లుడు భోజనానికి తీసుకెళ్లాడు. బోర్డు మీద ‘బార్’ అని ఉంది. మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. ‘బార్‌లోకి నేను రాను’ అంది. వాడు నవ్వాపుకోలేక, ‘అత్తయ్యా, ఇది పాల బార్. మందు దొరకదు’ అన్నాడు. ఈ పాల బార్లంటే మన పాత ఉడిపి హోటళ్లలాంటివి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టాయి. కమ్యూనిస్టుల కాలంలో కార్మికులకూ విద్యార్థులకూ చౌకగా తిండి పెట్టడానికి ఊరూరా వెలిశాయి. ఇప్పటికీ ప్రభుత్వం కొంత సబ్సిడీ ఇస్తుంది. మనమే ట్రే పట్టుకుని తెచ్చుకోవాలి, మనమే తీసి పెట్టాలి.

అక్కడ ‘పియెరోగి’ అని ఇస్తారు. చూడ్డానికి అచ్చం మన కజ్జికాయే. నూనెలో వేయించకుండా నీళ్లలో ఉడకబెడతారు. లోపల బంగాళాదుంప, పనీర్‌లాంటి జున్ను. మాంసంతో చేసినవీ ఉంటాయి కాబట్టి శాకాహారులు అడిగి తీసుకోవాలి. కీర దోస ముక్కలు పుల్లటి మీగడలో కలిపింది ఇంకోటి. పెరుగు పచ్చడి అనుకుని తినేయొచ్చు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు లోంచి చిన్న సీసా తీసి ముగ్గురి కజ్జికాయల మీదా కందిపొడి చల్లింది. పక్క టేబుల్ ముసలాయన ఆసక్తిగా చూస్తే ఆయన పళ్లెంలోనూ చల్లింది. ఆయన తిన్నాడు, దగ్గాడు, రెండు చేతులూ జోడించాడు. అది దండమో, ఇక చాలనో మాకు తెలియలేదు.

నలుగురూ వెళ్లేచోటికే మేమూ వెళ్లాం గానీ, ఒకచోటికి మాత్రం నేనొక్కణ్నే వెళ్లాలనుకున్నాను. క్రాకోవ్‌కు గంటన్నర దూరంలో ఆష్విట్జ్ ఉంది. నాజీల మరణ శిబిరం. గైడు లేకుండా చూస్తే ప్రవేశం ఉచితం, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. మా ఆవిడ ‘నేనూ వస్తాను’ అంది. పదకొండు లక్షల మందికి పైగా అక్కడ చంపేశారు. ఎక్కువమంది యూదులు. అద్దాల వెనక గుట్టగా పోసిన చెప్పులు, పిల్లల బూట్లు. ఇన్నేళ్లూ నేను దాన్ని ‘ఖాళీలు పూరింపుము’లో ఒక ప్రశ్నగా ఇచ్చాను, ఒక మార్కుకి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

పుట్టింటి ఉప్పు

క్రాకోవ్ పక్కనే, లోకల్ రైల్లో అరగంట లోపు, వియెలిచ్కా ఉప్పు గని ఉంది. మా ట్రిప్పులో ఖరీదైన టికెట్ అదే, మనిషికి మూడున్నర వేల దాకా. బేరమాడే అవకాశం లేదు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ మొదట్లోనే దాదాపు 380 మెట్లు దిగాలని విని నన్నో చూపు చూసింది. ‘పైకి రావడానికి లిఫ్ట్ ఉంది’ అని బతిమాలాను.

పదమూడో శతాబ్దం నుంచి తవ్వుతున్న గని. వ్యాపారం కోసం ఉప్పు తీయడం 1996లో ఆపేశారు. 1978లో యునెస్కో వేసిన మొట్టమొదటి జాబితాలో ఈ గనీ ఉంది, క్రాకోవ్ పాత ఊరూ ఉంది. నూరు మీటర్ల లోతున ఏకంగా ఓ గుడి! నేలా, గోడల మీది బొమ్మలూ అన్నీ ఉప్పు రాతిలో చెక్కినవే. పైన వేలాడే దీపాల గుత్తులకూ ఉప్పు స్ఫటికాలే. చెక్కింది పేరున్న శిల్పులు కాదు, గని కార్మికులు. గోడ నాకి చూడొచ్చని గైడు చెప్పింది. మా ఆవిడ చిటికెన వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, ‘ఉప్పే’ అని తీర్పు చెప్పింది. మన చినగంజాం ఉప్పు కొఠారుల్లో ఎండకు కళ్లు చెదురుతాయి. ఇక్కడ అదే ఉప్పు చీకట్లో, చలిలో.

ఆ గుడి కింగా అనే రాణిది. ఆమె హంగరీ రాజు కూతురు. పోలండ్‌కి కోడలుగా వస్తూ పుట్టింటి ఉప్పు గనిలో తన ఉంగరం పడేసిందట. ఇక్కడికొచ్చాక తవ్వించిన మొదటి ఉప్పు రాయిలో ఆ ఉంగరం దొరికిందట. కథే అనుకోండి. మా ఆవిడ మాత్రం కళ్లార్పకుండా వింది. ‘బంగారం తీసుకెళ్లకుండా ఉప్పు తీసుకెళ్లింది. తెలివైన పిల్ల’ అంది.

గుంటూరు కారం, హంగరీ కారం

క్రాకోవ్ నుంచి బుడాపెస్ట్‌కి పగటి బస్సు ఎక్కాం. ఏడు గంటల పైన ప్రయాణం. మధ్యలో స్లోవేకియా కొండలు, పైన్ చెట్లు, దూరంగా శిఖరాల మీద మంచు. మా ఆవిడ కిటికీకి అతుక్కుపోయింది. ‘ఇవి స్విట్జర్లాండ్ కొండలు కావు కదా?’ అంది. కావన్నాను. ‘పాట పాడుకోవడానికి ఏ కొండైతేనేం!’ అంది. టికెట్ మనిషికి రెండున్నర వేలు.

బుడాపెస్ట్‌లో దిగగానే నేనో పొరపాటు చేశాను. ఏటీఎంలో డబ్బు తీస్తుంటే ‘మీ దేశపు డబ్బులో లెక్క కట్టమంటారా?’ అని తెర మీద వచ్చింది. రూపాయల్లో అయితే మనకు తెలుస్తుంది కదా అని ‘అవును’ నొక్కాను. ఆ ఒక్క నొక్కుతో ఎనిమిది వందల పైచిలుకు పోయాయి. ఏటీఎంలో గానీ దుకాణంలో గానీ అలా అడిగితే ‘వద్దు, ఇక్కడి డబ్బులోనే’ అనాలి. లేకపోతే వాళ్లకు నచ్చిన రేటు కట్టేస్తారు. మీరు నాలాగా ఎనిమిది వందలు ఫీజు కట్టి నేర్చుకోనక్కర్లేదు.

ఆ సాయంత్రం డాన్యూబ్ ఒడ్డుకు వెళ్లాం. ఒకవైపు బుడా కొండ, మరోవైపు పెస్ట్ మైదానం. ఈ రెండూ, ఒబుడా అనే ఇంకో ఊరూ కలిసి 1873లో ఒక్క నగరమయ్యాయి. మధ్యలో 1849 నాటి గొలుసు వంతెన. దీపాలు వెలిగాక పార్లమెంటు భవనం నీళ్లలో తలకిందులుగా మెరుస్తోంది. 2,850 కిలోమీటర్ల నది, మన గోదావరికి దాదాపు రెండింతలు. నల్ల అడవుల్లో పుట్టి నల్ల సముద్రంలో కలుస్తుందని ఎన్ని వందలసార్లు చెప్పానో. మెట్లు దిగి నీళ్లలో చెయ్యి పెట్టాను. చల్లగా ఉన్నాయి. ఆ తొమ్మిదో తరగతి పిల్లాడు గుర్తొచ్చాడు. ఇప్పుడెక్కడున్నాడో! పెద్దవాడై ఉంటాడు.

మర్నాడు 1896 నాటి మెట్రో ఎక్కాం. ఐరోపా ప్రధాన భూభాగంలో భూమి కింద నడిచిన మొట్టమొదటి మెట్రో అది. ఆ తర్వాత 1897లో కట్టిన పెద్ద మార్కెట్‌కి వెళ్లాం. లోపల అడుగుపెట్టగానే మా ఆవిడ ఆగి గట్టిగా గాలి పీల్చింది. ఎర్రటి మిరపకాయలు దండలు గుచ్చి వేలాడదీశారు. సంచుల్లో, రేకు డబ్బాల్లో కారం. గుంటూరు యార్డు పక్కన పుట్టి పెరిగిన మనిషి, ఆగుతుందా? ఒక దుకాణం దగ్గర కారాన్ని రెండు వేళ్లతో నలిపింది. రంగు చూసింది. నాలుక మీద వేసుకుంది. ‘రంగు బ్రహ్మాండం. కారం సున్నా’ అంది, తెలుగులో. దుకాణం ఆవిడకి ఏమర్థమైందో, లోపల్నుంచి ఇంకో డబ్బా తెచ్చింది. అది ఘాటు రకం. మా ఆవిడ రుచి చూసి తల అటూ ఇటూ ఊపింది. తన సీసాలోంచి మన కారం ఆమె అరచేతిలో చిటికెడు వేసింది. ఆ తర్వాత ఐదు నిమిషాలు దుకాణం ఆవిడ మంచినీళ్లు తాగుతూనే ఉంది. తాగుతూనే నవ్వుతోంది. పోతుంటే చిన్న డబ్బా ఒకటి మా ఆవిడ చేతిలో పెట్టి డబ్బులు వద్దంది.

మిరప వాళ్లదీ కాదు, మనదీ కాదు. రెండు చోట్లకీ అమెరికా ఖండాల నుంచే వచ్చింది. మనకు పోర్చుగీసువాళ్లు తెస్తే, వాళ్లకు తురుష్కుల ద్వారా చేరింది. మనం ఘాటును పెంచుకున్నాం, వాళ్లు రంగునూ తీపినీ పెంచుకున్నారు. సెంట్ జ్యార్జి అనే వాళ్ల శాస్త్రవేత్త సెగెడ్ ఊరి మిరపకాయల్లోంచి సి విటమిన్ పుష్కలంగా తీశాడు. 1937లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ‘మా ఊళ్లో ఇన్ని మిరపకాయలుండి ఒక్క నోబెల్ కూడా రాలేదేం?’ అని మా ఆవిడ అడిగింది. సోషల్ మాస్టారి దగ్గర దానికి జవాబు లేదు.

బ్లాక్‌బోర్డు మీద లెక్క

తిరిగొచ్చాక మా పాత హైస్కూల్ హెడ్మాస్టరుగారు పిలిచి, ‘పదో తరగతి పిల్లలకు మీ ప్రయాణం గురించి చెప్పండి మాస్టారూ’ అన్నారు. అదే గోడ. పటం మాత్రం కొత్తది. డాన్యూబ్ చూపించాను, ఈసారి చేత్తో. అంతా విన్నాక వెనక బెంచీలోంచి ఓ అమ్మాయి లేచి, ‘మొత్తం ఎంతైంది సార్?’ అని అడిగింది. అందరూ అడగాలనుకుని అడగని ప్రశ్న. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశాను.

పన్నెండు రాత్రులకు, ఇద్దరికీ కలిపి: విమానం 1,24,000. వీసా, బీమా 28,000. గదులు 48,000. రైళ్లు, బస్సులు 22,000. తిండి 21,600. టికెట్లు 16,000. ఇతరాలు, నా ఏటీఎం తెలివీ, స్వామివారి వడమాలా కలిపి 12,000. మొత్తం 2,71,600. వంటగది ఉన్న గదులు తీసుకుని రాత్రిపూట అన్నం వండుకోబట్టి తిండి ఖర్చు అంతలో ఆగింది. మూడొంతుల్లో ఒక వంతుకు పైగా మేనల్లుడి సలహాల వల్లే మిగిలిందని కూడా చెప్పాను. వాడి ఇంట్లో ఉండలేదు. వాళ్లది ముగ్గురు కుర్రాళ్లు పంచుకునే రెండు గదులు.

ఆ అమ్మాయి బోర్డు వంక చూస్తూ ఇంకా నిలబడే ఉంది. ‘ఇంకేమైనా అడగాలా అమ్మా?’ అన్నాను.

‘ఆ డబ్బుతో బోరు వేసుంటే నీళ్లు పడేవేమో కదా సార్?’ అంది.

క్లాసు నిశ్శబ్దమైపోయింది. ‘పడేవేమో’ అన్నాను. అంతకంటే ఏం చెప్పను? మా నాన్న ఉంటే ఆ డబ్బు కచ్చితంగా భూమిలోకే దింపేవాడు. నీళ్లు పడుంటే ఈ ప్రయాణం ఊసే ఉండేది కాదు. పడకపోతే మా ఆవిడ మళ్లీ టీవీ కట్టేసేది. తర్వాత తెలిసింది, ఆ అమ్మాయి వాళ్ల నాన్న కిందటేడు రెండు బోర్లు వేశాడట. ఒకదాంట్లో రెండంగుళాల నీళ్లు పడ్డాయట.

పొలం ఇప్పుడు కౌలుకిచ్చాం. వానమీద కంది వేశారు. పెన్షన్లోంచి నెలనెలా కొంత మళ్లీ దాస్తున్నాం. అది దేనికోసమో ఇంకా అనుకోలేదు. మొన్న పండక్కి మా పెద్దాడొచ్చాడు. వాళ్లమ్మ హంగరీ కారంతో బంగాళాదుంప కూర చేసింది. కూర ఎర్రగా నిగనిగలాడుతోంది. వాడు భయపడుతూ మొదటి ముద్ద పెట్టుకుని, ‘ఇదేంటమ్మా, కారమే లేదు?’ అన్నాడు.

‘అది రంగు చూడ్డానికిరా’ అంటూ పక్కన గుంటూరు కారం డబ్బా పెట్టింది. వాడు రెండూ కలుపుకుని తిన్నాడు. తింటూ తింటూ తలెత్తకుండానే అడిగాడు, ‘ఇంతకీ ఆ నది ఎట్లా ఉంది నాన్నా?’ అని.

చెప్పడం మొదలుపెట్టాను.